గెలాక్సీ సామ్రాజ్యం మీద తిరుగుబాటు నవల రాయడం ఎలా: ముందు టపా లెక్క, తర్వాతే కథ

పాలపుంతంత సామ్రాజ్యం, దాని మీద తిరగబడ్డ గుప్పెడు మంది. ఈ నవల మొదలుపెట్టినవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "పదో అధ్యాయం దాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత కథ కదలడం లేదు. ఏం చేయాలి?" పదో అధ్యాయంలో చేయాల్సిందేమీ లేదు. పొరపాటు మొదటి అధ్యాయానికి ముందే జరిగింది. ఆ సామ్రాజ్యంలో కబురు ఎంత వేగంగా పోతుందో, ఓడ ఎంత వేగంగా పోతుందో తేల్చుకోకుండా రాయడానికి కూర్చున్నారు. ఆ రెండూ తేలితే ఎవరికి ఎప్పుడు ఏం తెలుస్తుందో తేలుతుంది. తిరుగుబాటు కథకు ప్రాణం అక్కడే ఉంటుంది.

ఇలాంటి అంతరిక్ష సాహస కథలకు స్పేస్ ఒపేరా అన్న పేరు 1941లో పుట్టింది, అదీ వెక్కిరింపుగా. అరిగిపోయిన కథకు అంతరిక్షం రంగు పూస్తే ఆ పేరు ఇప్పటికీ తగిలించుకోవచ్చు. అలా కాకూడదనుకుంటే కింద చెప్పిన వరసలో వెళ్ళండి.

కావలసినవి

ఒక రూళ్ళ నోటుబుక్కు, లేదా కంప్యూటర్లో ఎక్సెల్ లాంటి పట్టీ. ఒక తెల్లకాగితం మీద గీసిన పటం, దాని మీద ఆరు చుక్కలు, అంతకు మించి వద్దు. కూడికలు, భాగహారాలకు ఫోనులో కాలిక్యులేటర్. పేర్ల కోసం అక్షర క్రమంలో ఒక జాబితా. రాతకు ముందు లెక్కలకే రెండు వారాలు పెట్టుకోండి. ఆ రెండు వారాలూ మిగుల్చుకోవాలని చూసినవాళ్ళే పదో అధ్యాయం దగ్గర ఆగుతారు.

నిడివి విషయం: ఒక్కోటి సుమారు 1,800 మాటల చొప్పున 40 అధ్యాయాలంటే 72,000 మాటలు. పేజీకి 250 మాటలు వేసుకుంటే 288 పేజీల పుస్తకం. మొదటి నవలకు ఇది చాలు. మూడు భాగాల మహానవల ఆలోచన ఉంటే అటక మీద పెట్టండి.

1. రెండు వేగాలు ఖాయం చేయండి

కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి నుంచి మన దగ్గరికి 8 నిమిషాల 20 సెకన్లు. మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీకి 4.24 సంవత్సరాలు. పాలపుంత అడ్డకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు, అంటే కాంతికే లక్ష ఏళ్ళ ప్రయాణం. ఈ లెక్కన సామ్రాజ్యం నడవాలంటే కాంతిని దాటే ఉపాయం ఏదో ఒకటి కల్పించక తప్పదు. దాన్ని పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. వేగం మాత్రం అంకెల్లో ఉండాలి, చివరి పేజీ దాకా మారకూడదు.

ఇలా మొదలుపెట్టండి. యుద్ధ ఓడ రోజుకు 10 కాంతి సంవత్సరాలు. కబుర్లు మోసే టపా పడవ రోజుకు 20. రాజధానికీ, తిరుగుబాటు పుట్టే పొలిమేర లోకానికీ మధ్య 400. అంటే పాలపుంత అడ్డకొలతలో 250వ వంతు. "గెలాక్సీ సామ్రాజ్యం" అనేది వాళ్ళు వేయించుకున్న బిరుదు, మీరు రాయాల్సింది ఈ ముక్క గురించి. అసలు పన్నెండు వేల లోకాలున్నాయని ఒక అధికారి గొప్పగా చెప్పుకోవచ్చు. పాఠకుడు అడుగు పెట్టేవి మాత్రం ఆరే.

హెచ్చరిక: దారిలో ఉన్న ఓడకు కబురు అందుతుందా, అందదా? ఇప్పుడే తేల్చండి. ఇరవై అధ్యాయాలయ్యాక తేల్చితే అన్నీ తిరగరాయాలి.

మరో దారి: కబురు క్షణంలో చేరుతుందని కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు తిరుగుబాటు మొదటి పని ఆ తీగ తెంపడం అవుతుంది. 1857 సిపాయిల తిరుగుబాటులో తంతి తీగలు తెంపడానికి కారణం ఇదే. అయినా మే 11న ఢిల్లీ తంతి ఆఫీసు నుంచి అంబాలాకు కబురు వెళ్ళిపోయింది. తీగ తెంపేలోపు దాటిపోయిన ఆ ఒక్క వార్త చుట్టూ మూడు అధ్యాయాలు అల్లవచ్చు. మొదటి నవలకైతే టపా పద్ధతే సులువు.

2. రోజుల పట్టీ వేయండి

తిరుగుబాటు జరిగిన రోజును సున్నా అనుకోండి. 60 కాంతి సంవత్సరాల దూరంలో ఒక దండు ఉంది. మూడో రోజుకు వాళ్ళకు తెలుస్తుంది, ఒక రోజు సర్దుకుంటారు, ఆరు రోజులు ప్రయాణం. పదో రోజుకు వచ్చి పడతారు. రాజధానికి కబురు ఇరవయ్యో రోజున చేరుతుంది. మంతనాలకు అయిదు రోజులు. ఇరవై అయిదో రోజున పెద్ద దండు కదిలి, నలభై రోజులు నడిచి, అరవై అయిదో రోజుకు చేరుతుంది.

పదికీ అరవై అయిదుకీ మధ్య 55 రోజులున్నాయి. నవల నడుము భాగం మొత్తం అదే. ఈ లెక్క వేయనివాళ్ళకు ఆ 55 రోజులు కనిపించవు. అందుకే దండు మీద దండు వచ్చి పడుతూ ఉంటుంది, పాత్రలకు ఊపిరి తీసుకునే సందు ఉండదు, పోట్లాడుకునే తీరికా ఉండదు.

ఇంకొంచెం తవ్వితే కథ దానంతటదే ఊరుతుంది. పదో రోజున దగ్గరి దండు ఓడిపోయిందనుకోండి. ఆ సంగతి రాజధానికి ముప్పయ్యో రోజున తెలుస్తుంది. పెద్ద దండు అప్పటికే అయిదు రోజుల కిందట బయల్దేరింది, 50 కాంతి సంవత్సరాలు దాటింది, చేతిలో పాత ఉత్తర్వు ఉంది. వెనకాలే టపా పడవ పంపితే రోజుకు 10 చొప్పున దూరం తగ్గుతుంది కాబట్టి మరో అయిదు రోజులకు, అంటే ముప్పై అయిదో రోజున అందుకుంటుంది. దారిలో ఓడను కలవడం కుదరదని మీరు మొదటి మెట్టులో పెట్టుకుని ఉంటే అసలు అందదు. ఓడిపోయిన దండు తమకోసం ఎదురుచూస్తోందని నమ్మే సేనాపతి వచ్చి దిగుతాడు. ఇలాంటిది చరిత్రలో జరిగింది కూడా. బ్రిటన్, అమెరికా 1814 డిసెంబర్ 24న సంధి మీద సంతకాలు పెట్టాయి. ఆ కబురు సముద్రం దాటకముందే, 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర యుద్ధం జరిగింది.

తిరుగుబాటుదార్లకు టపా పడవ లేకపోతే వాళ్ళ కబురు మామూలు ఓడ మీద, సగం వేగంతో పోతుంది. కాబట్టి వాళ్ళు మొదట దోచుకోవాల్సింది ఆయుధాల గిడ్డంగి కాదు, ఒక టపా పడవ. పడవతో పాటు ముద్ర కూడా దొరికితే దొంగ తాఖీదు రాయవచ్చు.

3. సామ్రాజ్యం ఏం పట్టుకుపోతుందో ఒక్క వస్తువులో చెప్పండి

"దుర్మార్గ ప్రభుత్వం" అంటే ఎవరికీ కోపం రాదు. ఏ వస్తువు, ఎంత, ఎవరి చేతి మీదుగా పోతోందో రాయండి. మనకు దగ్గరి ఉదాహరణ మన్యం. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. రోడ్డు పనికి మనుషుల్ని తోలి కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 నాటి రంప తిరుగుబాటుకు ఈ రెండూ పునాది. రెండూ చేత్తో తాకి చూడగల సంగతులే.

మీ లోకంలో అది నీళ్ళకు వాడే మంచు కావచ్చు, గాలి శుద్ధిచేసే పాచి కావచ్చు, పిల్లల్లో పదిమందికి ఒకరిని ఓడల్లోకి తీసుకుపోవడం కావచ్చు. ఒకటే ఎంచుకోండి. కొలత పెట్టండి: "బండికి మూడు పాళ్ళు" అన్నట్టు. ఆ కొలత మొదటి అధ్యాయంలో ఒకసారి, నడుమ పెరిగినప్పుడు ఒకసారి, చివర్లో ఇంకోసారి రావాలి.

వసూలు చేసేవాడు రాజధాని మనిషి కాకూడదు. ఏ సామ్రాజ్యమైనా నడిచేది స్థానికుల మీదే. మన దగ్గర ముఠాదార్లు, కరణాలు, మునసబులు ఉన్నట్టే అక్కడా ఉంటారు. నవలలో అతి బలమైన పాత్ర అయ్యే అవకాశం ఈ నడిమి మనిషికే ఉంది. చాలామంది అతన్ని రెండో అధ్యాయంలోనే చంపేస్తారు. చంపకండి. అతని కూతురు ఎటువైపు ఉందో ఆలోచించండి.

4. బలగం మెట్లు మెట్లుగా పెంచండి

మొదటి రోజే మహాదండు దిగితే కథ అక్కడితో సరి. అధికారానికి తన డబ్బు మీద మక్కువ. చిన్న బలగంతో పని అయిపోతే బాగుండునని చూస్తుంది. రంప తిరుగుబాటు తేదీలు పక్కన పెట్టుకోండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడి. చేతికొచ్చింది 26 తుపాకులు, 2,500 తూటాలు. సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర మాటుగాసి ఇద్దరు ఆంగ్ల అధికారుల్ని చంపారు. తర్వాత మలబారు పోలీసు దళం దిగింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మే 7న అల్లూరి సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ఠాణా, రిజర్వు దళం, ప్రత్యేక పోలీసు, సైన్యం. ఇవీ మెట్లు.

మీ నవలకూ నాలుగు మెట్లు చాలు. ఒక్కో మెట్టుకూ పై మెట్టు రావడానికి మీ రోజుల పట్టీలో ఎన్నాళ్ళు పడుతుందో రాసుకోండి. తుపాకుల లెక్కలాగే తిరుగుబాటుదార్ల ఆయుధాలకూ చిట్టా పెట్టి, ప్రతి పోరాటం తర్వాత తీసివేత వేయండి. పన్నెండు క్షిపణులతో మొదలైన దళం ఇరవయ్యో అధ్యాయంలో పద్నాలుగోది పేల్చడం ఈ రకం రాతల్లో మామూలుగా కనిపించే తప్పు.

5. దళాన్ని మూడు ముక్కలుగా విడగొట్టండి

తిరగబడ్డవాళ్ళంతా ఒకే మాట మీద ఉంటే సంభాషణలన్నీ ఉపన్యాసాలవుతాయి. మూడు వర్గాలు పెట్టండి. ఒకరికి శిస్తు తగ్గితే చాలు. ఒకరికి తమ లోకానికి స్వతంత్రం కావాలి. ఒకరికి రాజధాని బూడిద కావాలి. ఒక్కో వర్గానికీ రెండు వాక్యాలు రాసుకోండి: ఏం కావాలి, ఏది ప్రాణం పోయినా వదులుకోరు. నలభయ్యో రోజు ప్రాంతంలో సామ్రాజ్యం శిస్తు సగం తగ్గిస్తామని రాయబారం పంపిందనుకోండి, ఏం జరుగుతుందో మీరు వేరే ఆలోచించనక్కర్లేదు.

ద్రోహిని పెట్టేటట్టయితే ఆనవాళ్ళు మూడు వేయండి, ఉదాహరణకు 6, 14, 22 అధ్యాయాల్లో. మూడింటికీ అప్పటికి అమాయకమైన కారణం కనిపించాలి. ఒక్క ఆనవాలు పెడితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు, అయిదు పెడితే మీకంటే ముందే పట్టేస్తాడు.

6. ఓడ లోపలి లెక్కలు

ఇక్కడ నాలుగు అంకెలు చాలు.

తిండి, నీరు, గాలి కలిపి మనిషికి రోజుకు 5 కిలోలు వేసుకోండి (శుద్ధిచేసి తిరిగి వాడుకోకపోతే). 40 మంది, 65 రోజులు: 13 టన్నులు. ఇంత సరుకు ఎక్కడ దాచారు, ఎవరు మోశారు? ఒక అధ్యాయం దొరికింది.

నక్షత్రం చుట్టుపక్కల మామూలు ఇంజనుతో తిరిగేటప్పుడు, భూమి మీద బరువుకు సమానమైన తోపుతో సగం దారి వేగం పెంచుతూ, ఓడను వెనక్కి తిప్పి మిగతా సగం తగ్గిస్తూ పోతే, భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరానికి దాదాపు 2 రోజుల 21 గంటలు. అయిదింతల దూరానికి 6 రోజుల తొమ్మిదిన్నర గంటలు. దూరం అయిదింతలైతే కాలం అయిదింతలు కాదని గమనించండి.

అదే అయిదింతల దూరంలో రేడియో మాట చేరడానికి సుమారు 42 నిమిషాలు. ప్రశ్నకు జవాబు రావాలంటే గంటా ఇరవైమూడు నిమిషాలు. అలాంటి చోట ఇద్దరు సేనాపతులు తెర మీద ముఖాముఖి వాదులాడుకున్నారంటే లెక్క తప్పింది. ఉత్తరాల్లా రాయండి, ఇంకా బిగువుగా ఉంటుంది.

గిర్రున తిరుగుతూ బరువు పుట్టించే ఓడ అయితే, నిమిషానికి రెండు చుట్లకు వ్యాసార్ధం 224 మీటర్లు కావాలి. పది మీటర్ల ఓడను తిప్పి బరువు పుట్టించాలంటే ఎంత జోరుగా తిప్పాలంటే అందరికీ వాంతులే. చిన్న ఓడలో తేలుతూ ఉండనివ్వండి.

7. పేర్లు, మాట తీరు

తెలుగులో ఈ నవల నిలిచేదీ కూలేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా.

నోరు తిరగని పేర్లు పరాయి లోకాన్ని తెచ్చిపెట్టవు. నాలుగు ఒత్తులున్న పేరును పాఠకుడు చదవడు, ఆకారం గుర్తుపెట్టుకుని దాటేస్తాడు. ఒక్కో లోకానికి ఒక్కో ధ్వని నియమం పెట్టండి. గనుల లోకంలో పేర్లన్నీ రెండక్షరాలు, రెండోది ద్విత్వం. రాజధానిలో అన్నీ అయిదక్షరాలు, దీర్ఘంతో ముగింపు. పేరు వినగానే ఊరు తెలిసిపోవాలి. ఒకే అక్షరంతో మొదలయ్యే ముఖ్య పాత్రలు ఇద్దరు ఉండకూడదు. అందుకే అక్షర క్రమం జాబితా. లోకాలకు మన ఊళ్ళ పేర్ల పోకడ బాగా అతుకుతుంది: దిన్నె, గుంట, ఏరు, పాడు, కొండ. నక్షత్రాల నడుమ "కొలిమిదిన్నె" అన్న లోకం ఉంటే దాని పని ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పాలన మాటలకు పాత రెవెన్యూ భాష సిద్ధంగా ఉంది. శిస్తు, జమాబందీ, తాఖీదు, అమీను, పట్టా, ఫర్మానా. సంస్కృతంతో కొత్త సమాసాలు కట్టేకంటే ఇవి వాడితే కచేరీ వాసన దానంతటదే వస్తుంది. సామ్రాజ్యపు ప్రకటనలు "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" ధోరణిలో ఉంటే ఒక పక్క నవ్వూ, ఒక పక్క భయమూ. యంత్రాల పేర్లు ఇంజన్, రేడియో, రాడార్ అనే ఉంచండి. వాటికి తెలుగు సేత చేయబోతే పోరాటం మధ్యలో పాఠకుడు నిఘంటువు వెతుక్కోవాలి.

నువ్వు, మీరు, తమరు: ఈ మెట్లు మన భాషకున్న ఆయుధం. అధికారి ఖైదీని "నువ్వు" నుంచి "మీరు"కు మార్చిన క్షణం యుద్ధంలో ఎవరిది పైచేయో చెబుతుంది. ఎవరు ఎవరిని ఏమంటారో పాత్రల పట్టికలో రాసుకోండి, మారిన అధ్యాయం సంఖ్య కూడా వేయండి. తెలియకుండా మారితే అది అచ్చుతప్పులా కనిపిస్తుంది.

హెచ్చరిక: రౌడీకి తెలంగాణ, పనివాడికి శ్రీకాకుళం, ముఠా నాయకుడికి రాయలసీమ యాస అంటగట్టే అలవాటు సినిమాల్లో చూసి చూసి జనం విసిగిపోయారు. యాస రాయగలిగితే కథానాయిక నోట రాయండి. రాయలేకపోతే వాక్యం పొడుగులో తేడా చూపించండి.

8. పోరాటాలు

నవల మొత్తానికి నాలుగు. ప్రతిదానికీ రాసే ముందు మూడు ముక్కలు: ఏం దక్కించుకోవాలి, ఎంతసేపట్లో, ఏం పోతుంది. అంతరిక్షంలో కుడి, ఎడమ, పైన, కింద పనికిరావు. "గ్రహం వైపు", "సూర్యుడి వైపు", "ముక్కు వైపు", "తోక వైపు" అనండి. చప్పుడు బయట వినిపించదు, ఓడ గోడ అదిరితే లోపల వినిపిస్తుంది. మండుతున్న ఇంజన్ ఆ చల్లటి చీకట్లో చాలా దూరానికి కనిపిస్తుంది. కాబట్టి దాక్కోవాలంటే ఇంజన్ ఆపాలి, లేదా గ్రహం చాటుకు పోవాలి, లేదా సరుకు ఓడల గుంపులో కలిసిపోవాలి. మూడోది అన్నిటికంటే బాగా పండుతుంది, ఎందుకంటే అక్కడ తనిఖీ చేసే అమీను ఉంటాడు.

ఒక్క మీట నొక్కితే సామ్రాజ్యం కూలిపోయే ముగింపు వద్దు. ఒక్క దారి మూసుకుపోవడం, ఒక్క శిస్తు ఆగిపోవడం, ఒక్క దండు ఉత్తర్వు అందనట్టు నటించి వెనక్కి మళ్ళడం. ఇవి నమ్మించగలవు. ఓడిపోయే ముగింపు కూడా చెల్లుతుంది, టపా పడవ ఒకటి తప్పించుకుంటే.

వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి పరీక్ష: ప్రతి సన్నివేశానికి పట్టీలో ఒక వరస రాయండి. రోజు, చోటు, ఎవరున్నారు, వాళ్ళకు తెలిసిన ఆఖరి వార్త, అది ఏ రోజుది. కబురు చేరకముందే దాని మీద పనిచేసినవాడు దొరికితే ఎర్ర గీత. మొదటి ప్రతిలో ఎర్ర గీతలు రావడం మామూలే. తేదీ మార్చడం కంటే ఆ పాత్ర తప్పుడు వార్త నమ్మాడని మార్చడం మేలు, కథ చిక్కబడుతుంది.

రెండో పరీక్ష: మొదటి మూడు అధ్యాయాలు ఇద్దరికి ఇవ్వండి. ఒకరు సైన్సు కథలు చదివేవారు, ఒకరు వారపత్రిక సీరియళ్ళు తప్ప చదవనివారు. మర్నాడు పుస్తకం చూడకుండా అడగండి: సామ్రాజ్యం ఏం పట్టుకుపోతోంది, రాజధాని ఎన్ని రోజుల దూరం, ముగ్గురి పేర్లు చెప్పండి. రెండోవారు పేర్లు తప్పు చెబితే వారిని సరిదిద్దకండి, పేరు మార్చండి.

మూడోది: సంభాషణలు బయటికి చదివి ఫోనులో రికార్డు చేయండి. నాలుక తడబడిన చోట వాక్యం విరగ్గొట్టండి. "చేయబడింది", "కాల్చబడ్డాడు" అన్నవి వెతికి, ఎవరు చేశారో పెట్టి మార్చండి. సామ్రాజ్యపు ప్రకటనల్లో మాత్రం వదిలేయండి, అక్కడ చేసినవాడు కనబడకపోవడమే వాళ్ళకు కావాలి.

నాలుగోది టైపింగ్ సంగతి. "కెల్‌మా" లాంటి పేర్లలో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది. ఒకచోట అది ఉండి, మరోచోట లేకపోతే వెతికినప్పుడు సగం పేర్లే దొరుకుతాయి, మార్చినప్పుడు సగమే మారతాయి. అందుకే పేర్లలో పొల్లు లేకుండా చూసుకోవడం సుఖం. అచ్చుకు ఇచ్చేటప్పుడు యూనికోడ్ నుంచి అను ఫాంట్లలోకి మారిస్తే కొన్ని ఒత్తులు చెదిరిపోవచ్చు. మార్చిన ప్రతిలో కథ చదవకండి, పేర్ల జాబితా చేతిలో పెట్టుకుని ఒక్కో పేరే వెతుక్కుంటూ పోండి.